పచ్చ బటన్ ఒత్తిన వాడ

బెంగళూరులో పద్మలత ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వాసంతి చేతిలో ఉన్న ఫోన్ తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది.

మగ్గం గుంతలో కూర్చున్న మామ నర్సింగం, కత్తెర పైకెత్తి పట్టుకుని కోడలి సైగ కోసం చూస్తున్నాడు.

"కొయ్యాల్నా, ఆగాల్నా?"

"జర ఆగు మామా. బొమ్మ ఆగింది."

"పొద్దటి సంది ఆగుడే ఉన్నది గద."

కోయడంలో పెద్ద విద్యేమీ లేదు. జంపఖానా నేయడం అయిపోయింది, మగ్గం మీద నుంచి కోసి దింపాలి, అంతే. కానీ ఆ కోసేది పద్మలత చూడాలి. ఆమె కంపెనీ పెద్ద పెద్ద హోటళ్లకు జంపఖానాలు కొనిపెడుతుంది. పోయిన ఏడు ఎవడో మిషిన్ సరుకు మీద 'కొత్తవాడ చేనేత' అని చీటీ అంటించి వాళ్లకు అమ్మాడు. అప్పటి నుంచి వాళ్లు ఒక షరతు పెట్టారు. మొదటి జంపఖానా మగ్గం మీద నుంచి దిగేది లైవ్‌లో చూస్తాం, రికార్డు చేసుకుంటాం, ఆ తర్వాతే ఆర్డర్. ఆర్డర్ అంటే ఒకటీ రెండూ కాదు. కొత్తవాడలో పన్నెండు మగ్గాలకు ఏడాది పని.

బొమ్మ కదలలేదు. పద్మలత మామూలు ఫోన్ చేసింది.

"వాసంతి గారూ, ఇది రెండోసారి. గురువారం పదకొండింటికి చివరిసారి ప్రయత్నిద్దాం. అప్పుడూ కుదరకపోతే మావాళ్లు వేరే ఊరు చూసుకుంటారు. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోవద్దట. మెత్తగా మాట్లాడే వాళ్లతో ఇదే తంటా, తిరిగి తిట్టడానికి కూడా ఏమీ మిగల్చరు.

సెల్ సిగ్నల్ మీద చూపించొచ్చు కదా అనేవాళ్లు ఒకసారి ఆ గల్లీలోకి రావాలి. రెండు గీతలు వస్తాయి. మాట పోతుంది, వీడియో పోదు. మగ్గం గుంతను భుజాన వేసుకుని రోడ్డు మీదికి తీసుకుపోయే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కాబట్టి వాడకంతా ఒకటే దిక్కు, వెంకట్రాజం గారి 'మెరుపు నెట్' తీగ.

అదే మెరుపు నెట్ మీద, పక్కింటి డబ్బాకు కలిపిన ఇంకో ఫోన్ అరుగు మీద మోగుతోంది. దారం కండెలు చుట్టే పక్కింటి రాములవ్వ రాట్నం పక్కన ఫోన్ నిలబెట్టుకుని సీరియల్ చూస్తోంది. అత్తగారి చెవుల బుట్టలు ఊగుతుంటే ఒక్కో ముత్యం విడివిడిగా కనబడుతోంది. ఒక్క చోట ఆగలేదు, తడబడలేదు.

"అవ్వా, నీది ఆగుతలేదా?"

"నాదెందుకాగుతది? ఇది మెరుపు బజార్ల వచ్చే సీరియలు. ఫిరీ."

మెరుపు బజార్ వెంకట్రాజం సొంత యాప్; సీరియళ్లు ఊరికే చూపిస్తూ సరుకు అమ్ముతుంది. వాసంతి మెరుపు నెట్ లైన్‌మన్ కొమురెల్లిని పిలిపించింది. ఇరవై ఏళ్లుగా స్తంభాలెక్కి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. తీగ చూశాడు, డబ్బా చూశాడు, గల్లీలో అటూ ఇటూ చూశాడు.

"తీగెకు రోగం లేదు చెల్లె. ఆఫీసుల కూసోని గొంతు పిసికిండ్రు."

"నాదొక్కదానిదా?"

"అందరిది. వాళ్ల బజారుకేమో బార్లా తలుపు. మిగిలిన వీడియోలకు సూది బెజ్జం. నేను చెప్పిన్నని అనకు, నా నౌకరి ఊడుతది."

వాసంతి చెప్పులేసుకుని నేరుగా వెంకట్రాజం ఆఫీసుకు నడిచింది.

ఈ వెంకట్రాజం ఒకప్పుడు కేబుల్ చుట్ట మెడలో వేసుకుని సైకిలు మీద తిరిగేవాడు. గడప గడపకూ ఆగి "అక్కా, ఒక్క కనెక్షన్ అక్కా" అని బతిమాలేవాడు. వాసంతి అత్త పోసిన మజ్జిగ ఎన్ని చెంబులు తాగాడో లెక్కలేదు. ఇప్పుడు ఏసీ గది, తిరిగే కుర్చీ, గోడ మీద శాలువా కప్పుకున్న ఫోటో. ఆ సన్మానం చేసిన సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. వేరే కంపెనీలు వాడలోకి తీగ లాగితే వారం తిరక్కుండా ఎలుకలు కొరికేస్తాయి. మన ఎలుకలకు వెంకట్రాజం తీగ మాత్రం సయించదు.

"ఏంది వాసంతక్కా, ఛాయ్ తాగుతవా?"

"ఛాయ్ వద్దు. నా వీడియో గొంతు ఇడువు."

"గొంతు పట్టనీకె నేనేమన్న పహిల్వాన్‌నా? అది టెక్నికల్ అక్కా. ట్రాఫిక్ మేనేజ్‌మెంటు."

"ఒక్కటే నెట్ల సీరియలు ఉరుకుతాంది, నా మగ్గం కుంటుతాంది. గదేం మేనేజ్‌మెంటు?"

"సీరియలు మాది. మా తొవ్వ మీద మా బండి ముందు పోతది. నీకు గూడ ఉరకాల్నంటె బిజినెస్ ప్యాక్ తీస్కో. లేకుంటె నీ సరుకు మా బజార్ల పెట్టు, నేనే అమ్మిపెడ్త."

"నీ ప్యాక్ కొనాల్నంటె రెండు మగ్గాలమ్మాలె. నీ బజార్ల మిషిన్ గుడ్డ మీద కొత్తవాడ చేనేత అని రాసి అమ్ముతానవ్. దాని పక్కన నా జంపఖానా పెట్టాల్నా?"

వెంకట్రాజం ముఖం కాసేపు గంభీరంగా పెట్టాడు. ఉచితంగా ఇచ్చేవాడిని తిట్టడం లోకం తీరని వాపోయాడు. అంతలోనే హుషారై, "మంగళారం ఢిల్లీకెల్లి కమిషనోళ్లు వస్తాండ్రు. హన్మకొండల మీటింగు. నెట్ కంపెనీలు ఇట్ల చెయ్యచ్చా, చెయ్యద్దా అని గదే ముచ్చట. పో, నీ బాధ చెప్పుకో" అని నవ్వాడు.

ఆ నవ్వేమిటో వాసంతికి మంగళవారం గాని అర్థం కాలేదు.

హన్మకొండ మీటింగు హాల్లో చలి. వేదిక మీద ముగ్గురు ఆఫీసర్లు, ముందర జీడిపప్పు ప్లేట్లు. ప్రజాభిప్రాయం వినడానికి ఢిల్లీ నుంచి వచ్చిన వాళ్లకు ఒక్కరికీ తెలుగు రాదు. పక్కన ఒక గుమాస్తాను కూర్చోబెట్టారు, ప్రజలను ఇంగ్లీషులోకి మార్చడానికి. కంపెనీల తరఫున సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు లేచి, బీదవాళ్లకు ఉచిత ఇంటర్నెట్ వద్దనేవాళ్లు బీదవాళ్ల శత్రువులని గంటసేపు చెప్పాడు. ఆయన ఒంట్లోంచి బీదల మీద ప్రేమ కారిపోతుంటే రుమాలు ఇవ్వాలనిపించింది వాసంతికి. తర్వాత ఇటు పక్షం మాట్లాడ్డానికి కాలేజీ నుంచి రాంప్రసాద్ అనే లెక్చరర్ వచ్చాడు. మంచివాడే, న్యాయమే చెప్పాడు. కానీ నలభై స్లైడ్లు పెట్టి ఆ న్యాయాన్ని నిద్రపుచ్చాడు.

వాసంతి మైకు అందుకుంది. పదో తరగతి చదువు, స్లైడ్లు లేవు.

"సార్, మాది కొత్తవాడ. మా గల్లీల పొద్దుగాల పడుగు పరుస్తం. పడుగంటె మగ్గానికెక్కే నిలువు దారం. ఈ కొసకెల్లి ఆ కొస దాక గుంజి కట్టి గంజి పెడ్తం. ఎవల వంతు వస్తె ఆ పూట గల్లీ వాళ్లది. కారోడు వచ్చినా తిప్పుకోని పోవాలె. పది మగ్గాలున్నోనికి ఒకటే వంతు, ఒక్క మగ్గమున్నోనికి ఒకటే వంతు. మా తాతల నాడు ఒక సావుకారి, గల్లీకి నేను దీపాలు పెట్టిస్త, రోజు నా పడుగే ముందు పరవాలె అన్నడు. నీ దీపాలు నువ్వే ఉంచుకో, మాకు చీకటే మంచిగున్నదన్నరు మావోళ్లు. ఇప్పుడు ఈ నెట్టోడు గదే అంటాండు. తొవ్వ ఎయ్యి, పైసల్ తీస్కో. తొవ్వ మీద ఎవడు ముందు పోవాల్నో నువ్వు చెప్పకు. గీ ఒక్క ముక్క చట్టంల రాయిండ్రి."

నడిమి ఆఫీసరు గుమాస్తా వైపు వంగాడు. గుమాస్తా ఏదో చెప్పాడు. ఆఫీసరు తల ఊపి రాసుకున్నాడు. ఆయన ఏం రాసుకున్నాడో ముందు వరసలో కూర్చున్న రాంప్రసాద్ తర్వాత చెప్పాడు: కొత్తవాడ నేతకార్మికులు రోడ్డు, వీధి దీపాలు కోరుతున్నారు.

అప్పుడు వెంకట్రాజం పక్కన కూర్చున్న ఆయన వకీలు లేచాడు. తళతళలాడే కాగితం ఒకటి వేదిక మీదికి పంపాడు. "వీరు ఇప్పుడిలా అంటున్నారు గానీ, ఇదే కొత్తవాడ నుంచి నలభై రెండు మంది మా ఉచిత పథకానికి మద్దతు తెలిపారు. పేర్లు, నంబర్లు అన్నీ ఉన్నాయి. జాబితాలో మొదటి పేరు వీరిదే."

హాలు గొల్లుమంది. వెంకట్రాజం మాత్రం నవ్వలేదు, తలవంచుకుని గోళ్లు చూసుకున్నాడు. నక్క వినయం.

వాసంతికి గుర్తొచ్చింది. దసరా ముందు మెరుపు బజార్ తెరిస్తే ఒక పచ్చ బటన్ వచ్చేది. 'ఫ్రీ నెట్ ఉండాలా? మద్దతు తెలపండి, పది రోజులు అదనపు డేటా పొందండి.' వద్దు అనడానికి బటనే లేదు. కొత్తవాడలో ఫోన్‌లో ఏం వచ్చినా వాసంతి దగ్గరికే తెస్తారు. గ్యాసు బుకింగు, పింఛన్ ఓటీపీ, మనవడి హాల్‌టికెట్. పసిపిల్లను ఒళ్లో పెట్టినట్టు ఫోన్ చేతిలో పెట్టి వాళ్ల పనికి వాళ్లు పోతారు. ఆ రోజు కూడా పెట్టిపోయారు. ఆమె అన్నం తింటూ ఎడమచేత్తో వరసగా ఒత్తింది. నలభై రెండు. కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవలేదు. ఫోన్లు ఇచ్చినవాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఎవడో దొంగ సంతకాలు పెట్టి ఉంటే దుమ్ము దులపొచ్చు. ఇక్కడ దొంగ వేలు తనది.

"అవు," అంది మైకులో. "నేనే ఒత్తిన. నలభై రెండు నేనే ఒత్తిన. కింద రాసింది చదువకుంట, ఎవల్ని అడగకుంట. గా సిగ్గు నాది. బటన్‌కు డేటా లంచం కట్టి, దాన్ని ప్రజాభిప్రాయమని తెచ్చిన సిగ్గు వానిది. ఇప్పుడు వాపస్ తీస్కుంటాన."

ఈసారి గుమాస్తా సరిగ్గానే చెప్పినట్టుంది. ఆఫీసరు చిరాకుపడ్డాడు. వాపసు తీసుకోవాలంటే నలభై రెండు మందీ విడివిడిగా, రాతపూర్వకంగా, సంతకంతో, ఆధార్ జిరాక్సుతో ఇవ్వాలి. గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపు, ఇదే బిల్డింగులో. ఆ తర్వాత వచ్చినవి చూడం.

మద్దతుకు ఒక ఆడమనిషి ఎడమచేతి వేలు చాలింది. వద్దనడానికి నలభై రెండు ఆధార్ కార్డులు కావాలి. దేశం ఎవరి కోసం నడుస్తోందో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలు చదవనక్కర్లేదు.

బుధవారం పొద్దున్నుంచి వాసంతి గడప గడపా ఎక్కింది. కొందరు విన్నారు, సంతకం పెట్టారు. కొందరి మాటలు వింటే ఆమెకు ఒళ్లు మండింది. నాలుగిళ్ల అవతల ఉండే సదానందం ముందే చేతులడ్డం పెట్టాడు.

"వానితోని మనకెందుకు లొల్లి వదినె? ఫిరీగ వచ్చేది గూడ పోతది."

"ఫిరీగ వచ్చేదేంది సదానందం? నీ జంపఖానా ఎవలు కొంటాండ్రు ఇప్పుడు?"

"ఎవలు కొంటలేరు."

"ఎందుకు కొంటలేరు?"

"గిరాకి లేదు."

"వాని బజార్ల నీ పేరు మీద మిషిన్ గుడ్డ అమ్ముడు పోతాంది. గిరాకి లేకనా?"

సదానందం తల గోక్కున్నాడు. గోక్కోవడమే ఆయన జవాబు. రాములవ్వ అయితే కాగితం వంక చూడనే లేదు. మూడుసార్లు చెప్పినా "నా సీరియలు పోతది, నేను పెట్ట" అని రాట్నం తిప్పుకుంది.

మధ్యాహ్నానికి వెంకట్రాజమే వచ్చాడు. కుర్చీ వేయమనకుండానే అరుగు మీద కూర్చున్నాడు. పాత సైకిలు రోజులు గుర్తుచేసుకున్నాడు, అత్తమ్మ మజ్జిగ గుర్తుచేసుకున్నాడు.

"వాసంతక్కా, ఫోన్ తెరువు. బెంగుళూరుకు వీడియో చెయ్యి."

చేసింది. పద్మలత అద్దంలో కనబడ్డట్టు కనబడింది. ఆమె వెనక గోడ మీద గడియారం సెకండ్ల ముల్లు కూడా కనబడింది. వాసంతి ఊరికే చేశానని చెప్పి పెట్టేసింది.

"నీ లైన్ ఒక్కటి బార్లా తెరిపిచ్చిన. రేపు నీ లైవ్ బరాబర్ నడుస్తది. రేపే కాదు, ఎప్పటికి. పైస ఇయ్యద్దు. ఆ కాయిదాలు మాత్రం హన్మకొండ పోవద్దు. గంతే."

వెంకట్రాజం లేచి వెళ్లిపోయాడు.

"తీస్కో బిడ్డా," అంది రాములవ్వ. "మస్తు అగ్గువ బేరం. అందరి సరుకు నీ ఇంట్లకెల్లే చూపిద్దాం. నీ లైన్ల నుంచే అమ్ముకుంటం. ఎవలు నష్టపోయిండ్రు?"

ఆ మాటలో తప్పు పట్టడం కష్టం. వాసంతికీ ఒక క్షణం అంతా కుదిరినట్టే అనిపించింది. పన్నెండు మగ్గాలకు పని. వాడకంతా తన గడప. ఎవరి జంపఖానా ముందు చూపించాలో తను చెప్తుంది. ఎవరిది తర్వాతో తను చెప్తుంది. కోపమొచ్చిన రోజు ఎవరిది చూపించకూడదో కూడా తనే చెప్తుంది. అక్కడిదాకా ఆలోచించి ఆమెకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. నలభై రెండు ఫోన్లు ఒక్క చేతిలో ఉండబట్టే కదా అంత తేలిగ్గా ఒత్తింది. వెంకట్రాజం తనకు లైన్ ఇవ్వలేదు. తన కుర్చీలో చిన్న ముక్క కోసి ఇస్తున్నాడు.

"వద్దవ్వా. ఇయ్యాల వాడు చేస్తాన్నది రేపు నేను చేస్త."

"నువ్ గట్లాంటిదానివి కాదు."

"వాడు గూడ సైకిల్ మీద తిరిగిననాడు గట్లాంటోడు కాదు."

పన్నెండు మగ్గాల వాళ్లనూ పిలిచింది. వెంకట్రాజం చెప్పింది దాచకుండా చెప్పింది. కాగితం ఇస్తే రేపు లైవ్ ఆగుతుందని, ఆర్డర్ పోవచ్చని కూడా చెప్పింది. కాగితంలో ఉన్నది మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. "నేను ఎవల తరఫున ఒత్త. మీ వేళ్లు మీయి" అంది.

నర్సింగం కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆర్డర్ పోతె పన్నెండు మగ్గాలు ఉత్తగుంటయ్. తెలుసా?"

"తెలుసు మామా."

"తెలిసే చేస్తానవా?"

"తెలిసే."

"మరి నన్నేం అడుగుతవ్. ఏడ పెట్టాలె సంతకం?"

తొమ్మిది మంది పెట్టారు, ముగ్గురు పెట్టలేదు. పెట్టని ముగ్గురి మీద అరవాలనిపించింది గానీ అరవలేదు. అడిగాక కాదన్నవాడి మీద అరిస్తే అడగడం దేనికి? వాడంతా కలిపి ఇరవై తొమ్మిది కాగితాలయ్యాయి.

లైవ్ అయ్యేదాకా ఆగితే పన్నెండు దాటిపోతుందని, గురువారం పది గంటలకే హన్మకొండలో కాగితాలు ఇచ్చి ముద్ర వేయించుకుంది. గుమాస్తా ఒక్కొక్క ఆధార్ జిరాక్సునూ దొంగనోటు చూసినట్టు వెలుతురుకెత్తి చూశాడు. ఆమె కొత్తవాడ చేరేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు. పద్మలత లైవ్‌లోకి వచ్చింది, పక్కన ఇంకో ఇద్దరు. బొమ్మ తేటగా ఉంది. వాసంతి గుండె ఆశపడింది. కాగితాల సంగతి వెంకట్రాజం దాకా ఇంకా పోలేదేమో.

"మామా, కొయ్యి."

నర్సింగం కత్తెర పెట్టాడు. రెండు వేళ్ల మందం కోశాడు. అంతే. బెంగళూరులో మూడు ముఖాలు మూడు రకాలుగా బిగుసుకుపోయాయి. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. హన్మకొండ నుంచి కబురు రావడానికి ఆ మాత్రం టైం పట్టిందన్నమాట. తెర కింద నుంచి మెరుపు నెట్ వారి చీటీ ఒకటి లేచింది: 'మీ సంతృప్తే మా ధ్యేయం. ఈ కాల్‌కు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

పది నిమిషాలకు పద్మలత మామూలు ఫోన్ చేసింది.

"నేను నమ్ముతున్నాను వాసంతి గారూ. కానీ రికార్డింగ్ లేకుండా మావాళ్లు ఒప్పుకోరు. సారీ."

"సారీ వద్దు మేడం. మా నెట్టోడు గొంతు పిసికిండు, గందుకే ఆగింది. గీ మాట మీ రికార్డుల రాసుకోండ్రి. రాసుకుంటరా?"

"చూస్తాను" అంది పద్మలత. చూస్తాను అంటే ఏమిటో వాసంతికి తెలుసు. ఫోన్ పెట్టేసింది.

ఆర్డర్ పోయింది. సంతకం పెట్టని ముగ్గురూ గుమ్మం దాకా వచ్చి, మేం ముందే చెప్పలేదా అన్న ముఖాలు చూపించి పోయారు. సదానందం కూడా వచ్చాడు, తల గోక్కోవడానికి. పన్నెండున్నరకు కొమురెల్లి వచ్చాడు. నిచ్చెన వేసి స్తంభం దగ్గర వాసంతి తీగ తెంపాడు. దిగి ఆమె ముఖం వైపు చూడలేదు.

"నా మీద కోపం పెట్టుకోకు చెల్లె."

"నీ మీద కోపమెందుకే అన్నా. కోపం గింత చీపా?"

రాములవ్వ రాట్నం ఆపింది. అరుగు మీద ఆమె ఫోన్‌లో సీరియల్ మోగుతూనే ఉంది. ఆమె డబ్బా వేరే, ఆమె తీగ పక్క స్తంభానిది. ముసలమ్మ ఫోన్‌ను కాసేపు చూసింది. తెగి వేలాడుతున్న తీగను ఇంకాసేపు చూసింది.

"నీది తెంపిండు. నాది నడుస్తాంది."

"నువ్ సంతకం పెట్టలే గదవ్వా."

"అంటె నేను నోరు మూసుకున్నన్ని రోజులు నడుస్తది. గంతేనా?"

"గంతే."

"గీ ముక్క నిన్ననే చెప్తె అయిపోవు గదనే!"

"నిన్న మూడుసార్లు చెప్పిన."

"నిన్న సీరియలు మంచి జాగ మీద ఉండె." ముసలమ్మ సిగ్గేమీ పడలేదు. ఫోన్ బోర్లా పెట్టింది. ఆధార్ కార్డు సంచి కోసం తన ఇంట్లోకి పోయి, వెతికి, తిట్టుకుంటూ బయటికి వచ్చింది. "రాయి, నా పేరు రాయి. ఏలిముద్ర ఏస్త."

"టైం అయిపోయిందవ్వా. పన్నెండు దాటితే తీస్కోరు."

"ఎవలు తీస్కోరు?"

"ఢిల్లీ ఆఫీసర్లు."

"నేనేమన్న అప్పడుగవోతున్ననా, తీస్కోకపోవడానికి? వాళ్లకు తెలుగు రాదన్నవ్. టైం అయిపోయిందని చెప్తె నాకు గూడ సమజ్ కాదు. రాయి."

వాసంతి రాసింది. రాసిందంతా పైకి చదివి వినిపించింది. రాములవ్వ ఒక చోట ఆపి, ఆ మాట మళ్లీ చదవమంది. చదివాక బొటనవేలు సిరాలో ముంచి, కాగితం చిరిగేంత గట్టిగా ఒత్తింది.

గల్లీ చివర ఆటో ఒకటి పోతుంటే ముసలమ్మ కండెల కర్ర అడ్డం పెట్టి ఆపింది.

"ఏడికవ్వా?" అన్నాడు ఆటోవాడు.

"హన్మకొండ. జల్ది పో. ఢిల్లోళ్లు బువ్వకు లేవకముందే పోవాలె." ఎక్కి కూర్చుని, ఇంకా గుమ్మంలోనే నిలబడ్డ వాసంతి మీద కేకేసింది. "ఏం నిలబడ్డవ్? ఆ ఇంగ్లీషు మొఖాలకు నువ్ గాక ఎవలు చెప్తరు? ఎక్కు!"

వాసంతి ఎక్కింది.